మైనం మీద మెట్లు

కొత్త గిటార్ ఉన్న ఇళ్లలో ఒక చిన్న విషయం తరచూ కంటబడుతుంది. చెక్కకు గీతలు పడకుండా తీగల పక్కన అమర్చే ప్లాస్టిక్ పలక ఉంటుంది కదా, పిక్‌గార్డ్ అంటారు, దాని మీద ఫ్యాక్టరీలో అంటించిన పల్చటి పొర ఏడాది తిరిగినా ఊడదు. అంచులు లేచిపోతాయి, లోపల దుమ్ము చేరుతుంది, చెమట చేతులు తగిలి మసకబారుతుంది. అయినా ఎవరూ పీకరు. టీవీ రిమోట్‌కు కవరు, సోఫాకు కవరు, కొత్త కారు సీట్లకు కవరు ఉంచుకునే అలవాటే ఇక్కడా పనిచేస్తుందని సరిపెట్టుకోవచ్చు. కానీ నన్ను తొలిచేది వేరే సంగతి. ఆ పొర తీయడానికి పనిముట్టు అక్కర్లేదు, గోరు చాలు. తీస్తే చెడేది కూడా ఏమీ లేదు. అంత తేలికైన దగ్గరే చెయ్యి ఆగిపోతుంటే, అదే మనిషి రేపు అలెన్ కీ పట్టుకుని గిటార్ మెడను సరిచేసుకోవాలన్నా, ఆకురాయితో తీగల గాడి లోతు చేసుకోవాలన్నా, సోల్డరింగ్ ఐరన్ వేడి చేసి తీగల కంపనాన్ని పట్టే పికప్ మార్చుకోవాలన్నా ఎలా సాహసిస్తాడు? దీన్ని పిరికితనం అనేసి ఊరుకోవచ్చా? అదే మనిషి రాత్రిపూట హైవే మీద బండి నడుపుతాడు, అప్పు చేసి ఇల్లు కడతాడు. మరి నాలుగు మరలు విప్పడానికి ఎందుకు వణుకుతాడు?

నాకు తోచిన సమాధానం నూజివీడు వైపు నుంచి వస్తుంది. నూజివీడు అనగానే ఎవరికైనా చిన్న రసాలు, పెద్ద రసాలు గుర్తొస్తాయి. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, రెడ్డిగూడెం దాకా పరుచుకున్న మామిడి తోటలు గుర్తొస్తాయి. ఆ ఊరికి ఇంకో విశేషం కూడా ఉంది. జమీందారుల కాలం నుంచి అక్కడ వీణలు తయారవుతున్నాయి. ఒకే దుంగలోంచి తొలిచే బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు దక్కింది, ప్రచారమూ దక్కింది. నూజివీడు వీణ గురించి విన్నవాళ్లు తక్కువ. రెండు చోట్లా ముడిసరుకు పనస చెక్కే. కుండ, దండి, యాళి ముఖం, బిరడలు, గుర్రం అన్నీ పూర్తయ్యాక చివరికి మిగిలేది మెట్లు నిలబెట్టడం. మేళం కట్టడం అంటారు దాన్ని. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి కాచిన నల్లటి ముద్దను దండి పొడవునా రెండు గట్లుగా పోస్తారు. ఆ గట్ల మీద అడ్డంగా ఇరవైనాలుగు మెట్లు ఒక్కొక్కటే పెట్టుకుంటూ పోతారు. మైనం ఇంకా మెత్తగా ఉండగానే మెట్టును వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరిపి, తీగ మీటి, చెవితో విని, మళ్లీ జరిపి, స్వరం కుదిరాక వేలితో అదిమి వదిలేస్తారు. మేకు కొట్టరు, జిగురు పూయరు. నాలుగు తీగల కింద మెట్టును పట్టి ఉంచేది మైనం ఒక్కటే.

కొన్నేళ్లు వాయించాక తీగల రాపిడికి మెట్లు అరుగుతాయి, మైనం ఎండి పగుళ్లిస్తుంది, రోహిణి కార్తె ఎండలో మెత్తబడి మెట్టు కాస్త పక్కకు జరిగినా జరుగుతుంది. అప్పుడు పాత మైనం తీసేసి మళ్లీ మేళం కడతారు. చూడటానికి ఇది వీణకున్న లోపంలా ఉంటుంది. కానీ ఆలోచించి చూడండి, వీణ చేసిన చేతులు ఆ వాద్యాన్ని ఒకసారి తప్పు జరిగినా దిద్దుకునేలా చేసి పెట్టాయి. పనస దండిని చెక్కేటప్పుడు ఉలి ఒక్క దెబ్బ ఎక్కువ తగిలితే పోయిన చెక్క తిరిగి రాదు. అక్కడ పనివాడు ఎంతో జాగ్రత్తగా ఉంటాడు. స్వరస్థానం దగ్గరకు వచ్చేసరికి, అంటే తప్పు జరగడానికి ఎక్కువ వీలున్న చోటుకు వచ్చేసరికి, తిరిగి కరిగించుకోగల మైనాన్ని పెట్టుకున్నాడు. ఎక్కడ భయపడాలో, ఎక్కడ అక్కర్లేదో ముందే విడదీసుకున్నాడన్నమాట. నా వాదనంతా ఈ విడదీతలోనే ఉంది. కొత్తవాడు గిటార్ మొత్తానికి భయపడతాడు. చెయ్యి తిరిగినవాడికీ భయం ఉంటుంది, కాకపోతే అది గాడి అడుగున చివరి రెండు మూడు రాపిళ్లకే పరిమితమై ఉంటుంది. జంకు పోగొట్టుకోవడమంటే భయాన్ని చంపుకోవడం అనుకుంటాం. నిజానికి దాన్ని ఇరుకు చేసి, ఉండాల్సిన చోట ఉంచుకోగలిగితే చాలు.

వాద్యం మీద చెయ్యి వేయడం అపచారం అనే భావన మన దగ్గర పాతదేమీ కాదు. విజయనగరపు రామామాత్యుడు 1550లో రాసిన ‘స్వరమేళకళానిధి’లో వీణ మెట్లు ఎక్కడెక్కడ నిలపాలన్నది పెద్ద చర్చ. అందులో ఒక వీణ పద్ధతికి విజయనగరాన్ని ఏలిన అచ్యుతరాయల పేరే ఉంది. ఆ తర్వాతి శతాబ్దంలో తంజావూరును ఏలిన రఘునాథ నాయకుడు, తెలుగులో కావ్యాలు రాసిన రాజు, ఇరవైనాలుగు మెట్లు స్థిరంగా ఉండే వీణకు రూపమిచ్చాడని చెబుతారు. అంతకుముందు మెట్లను రాగానికి తగ్గట్టు జరుపుకునే పద్ధతి ఉండేది. అంటే ఈ రోజు పీట వేసి, పసుపు కుంకుమలు పెట్టి పూజించే సరస్వతీ వీణ కూడా, ఎవరో ఒకరు ఉన్నదానితో తృప్తిపడక మార్చుకున్న వాద్యమే. మార్పును ఆపిన భక్తి ఏ కాలంలో మొదలైందో గానీ, వీణను వీణ చేసిన కాలంలో మాత్రం కాదు.

‘మైనం ఉన్న వీణ సంగతి వేరు, గిటార్‌లో మెట్లు, అంటే ఫ్రెట్లు, చెక్కలోకి దిగ్గొట్టి ఉంటాయి, అక్కడ దిద్దుబాటు ఎలా?’ అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ గిటార్‌లోనూ మైనం లాంటి చోట్లు బోలెడున్నాయి, చూసే అలవాటు లేదంతే. కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసుకునే లియో ఫెండర్, గిటార్ వాయించడం రాని మనిషి, 1950ల మొదట్లో టెలికాస్టర్‌ను, 1954లో స్ట్రాటోకాస్టర్‌ను తెచ్చినప్పుడు మెడను ఒంటికి జిగురుతో అతికించకుండా నాలుగు మరలతో బిగించాడు. మెడ పాడైతే విప్పి ఇంకోటి పెట్టుకోమన్నాడు. రిపేరు చేసేవాడి బుర్రలోంచి పుట్టిన వాద్యం అది. అకూస్టిక్ గిటార్‌లో కూడా బ్రిడ్జ్ గాడిలో కూర్చుని తీగలను మోసే శాడిల్ మామూలుగా జిగురు లేకుండానే ఉంటుంది. తీగలు వదులు చేస్తే చేతికొస్తుంది. మెడ లోపల ఉండి దాని వంపును సరిచేసే ట్రస్ రాడ్‌ను పావు చుట్టు తిప్పి, కాసేపు ఆగి, నచ్చకపోతే అదే పావు చుట్టు వెనక్కి తిప్పుకోవచ్చు. పికప్ తీగలు విప్పేముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకుంటే, పాత పికప్ ఎప్పుడైనా మళ్లీ దాని చోటికి చేరుతుంది. ఇవన్నీ తిరిగి రాగల పనులు. తిరిగి రాలేనివి వేరే ఉన్నాయి. చెక్కకు రంధ్రం వేయడం, పాత వార్నిష్ గీకేయడం, ఫ్రెట్లను అరగదీయడం. ఈ రెండు జాబితాలూ కాగితం మీద రాసుకుంటే మొదటిది ఎంత పొడుగో, రెండోది ఎంత పొట్టో కనబడుతుంది. రాసుకోనంతవరకు మనసు రెంటినీ ఒకే గంపలో వేసి మోస్తుంది.

ఒక్క పనిని దగ్గరగా చూద్దాం. గిటార్ తలకీ మెడకీ మధ్య ఎముకదో ప్లాస్టిక్‌దో ఒక చిన్న కమ్మీ ఉంటుంది, దాని పేరు నట్. అందులో ఆరు గాడులు, వాటిలో ఆరు తీగలు. తక్కువ ధర గిటార్లలో ఈ గాడులు చాలాసార్లు లోతు తక్కువగా ఉంటాయి. అందుకే మొదటి ఫ్రెట్ దగ్గర తీగను నొక్కితే వేలి కొన కోసుకుపోతుంది. ఎఫ్ కార్డ్ పట్టబోయి గిటార్‌ను మూలన పెట్టేసినవాళ్లు ప్రతి హాస్టల్లోనూ, ప్రతి చర్చి పాటల బృందంలోనూ ఉంటారు. ఎత్తు ఎంతుందో చూడటానికి కొలబద్ద కూడా అక్కర్లేదు. రెండో ఫ్రెట్‌కీ మూడో ఫ్రెట్‌కీ మధ్య తీగను నొక్కిపట్టి, మొదటి ఫ్రెట్‌కీ తీగకీ మధ్య ఉన్న సందు చూడాలి. పల్చటి కాగితం పట్టేంత ఉంటే సరిపోయినట్టు. విజిటింగ్ కార్డు దూరిందంటే ఎత్తు ఎక్కువున్నట్టు. తీగను పక్కకు తప్పించి, దాని మందానికి తగ్గ సన్నని ఆకురాయితో, తీగ బిగించే బిరడల వైపు కాస్త వాలుగా రెండు మూడు సార్లు రుద్దాలి, తీగను మళ్లీ గాడిలో పెట్టి శ్రుతి చేసి చూడాలి, అవసరమైతే మళ్లీ రుద్దాలి. పనంతా ఇంతే. తొందరపడి ఒక రాపిడి ఎక్కువైతే వట్టి తీగ మీటినప్పుడు మొదటి ఫ్రెట్‌కు తగిలి జుయ్యిమంటుంది. అక్కడితో కథ ముగిసిందా అంటే అదీ లేదు. గాడిలో చిటికెడు వంటసోడా వేసి, మీద ఫెవిక్విక్ చుక్క వదిలితే క్షణాల్లో రాయిలా గట్టిపడుతుంది. మళ్లీ గాడి తీసుకోవచ్చు. ఎక్కువ కాలం మన్నాలంటే కొత్త నట్ వేసుకోవచ్చు, అదేమీ ఖరీదైన భాగం కాదు.

ఇక్కడ ఆగి ఒక మాట ఆలోచించాలి. ఫ్యాక్టరీ ఆ గాడుల్ని ఎత్తుగా ఎందుకు వదిలేస్తుంది? నిర్లక్ష్యం కొంత ఉండొచ్చు. అయితే అందులో ఒక లెక్క కూడా ఉంది. ఎత్తున్న గాడిని ఎవరైనా లోతు చేసుకోగలరు, లోతైపోయిన గాడి మాత్రం జుయ్యిమంటూ దుకాణానికి తిరిగొస్తుంది. కాబట్టి కొనేవాడి చేతికి ఎంత అవసరమో తెలియని ఫ్యాక్టరీ, తప్పు చేయాల్సి వస్తే దిద్దుకోగల వైపే తప్పు చేస్తుంది. మైనం పోసిన వీణ పనివాడు చేసిందీ అదే. అంటే మన చేతికి వచ్చిన గిటార్ పూర్తయిన వస్తువు కాదు. చివరి పని ఒకటి కొనేవాడి కోసం మిగిల్చి పంపిన వస్తువు. దాన్ని ముట్టుకుంటే తయారుచేసినవాడి పనిలో వేలు పెట్టినట్టని జంకుతాం. వాళ్లు వదిలిన పనిని వదిలినట్టే ఉంచేయడం వాళ్లకు గౌరవమా, లేక వాద్యానికి అన్యాయమా?

భయం వేసే లెక్కలో ఇంకో లోపం ఉంది. చెయ్యి వేస్తే జరగబోయే నష్టాన్ని అది పైసలతో సహా చెబుతుంది. చెయ్యి వేయకపోతే ఇప్పటికే జరుగుతున్న నష్టాన్ని మాత్రం లెక్కలోకి రానివ్వదు. నట్ పాడైతే నాలుగు వందలో అయిదు వందలో పోతాయని చెప్పే మనసు, తీగ ఎత్తు వల్ల వేళ్లు నొప్పెట్టి, ఆ నొప్పిని ‘నాకు సంగీతం రాదు’ అని అర్థం చేసుకుని, వేల రూపాయల వాద్యాన్ని అటక ఎక్కించిన ఖర్చును చెప్పదు. వాద్యంలోని లోపాన్ని తన లోపంగా మోయడం కంటే ఖరీదైన తప్పు ఏముంటుంది? గిటార్‌ను తాకని జాగ్రత్త వల్ల గిటార్ భద్రంగా ఉంటుంది, నిజమే. వాయించే మనిషి మాత్రం నష్టపోతాడు.

అయినా ఎదురు వాదనలు బలమైనవే ఉన్నాయి. మొదటిది, ‘ఎవరి పని వాళ్లు చేయాలి’ అన్నది. వీణ విద్వాంసులే మేళం కట్టే పనిని ఆ పని వచ్చినవాళ్లకే వదిలేస్తారు, గిటార్ నేర్చుకునే కుర్రాడికి ఆకురాయి ఎందుకు? ఈ మాటలో సగం నిజముంది. ఇరవైనాలుగు మెట్లనూ చెవితో నిలబెట్టడం ఏళ్ల తరబడి సాధన చేస్తే వచ్చే విద్య. దాన్ని వీడియో చూసి నేర్చుకోలేం. కానీ ఆ విద్వాంసులే కచేరీ మధ్యలో శ్రుతి సరిచేసే లంగరు జరుపుకుంటారు, బిరడ తిప్పుకుంటారు, తెగిన తీగ మార్చుకుంటారు. పనిని మొత్తం వదిలేయలేదు, ఎక్కడిదాకా తమదో గీత గీసుకున్నారు. గిటార్ విషయంలో ఆ గీతను మనం మరీ వెనక్కి లాక్కున్నాం, తీగ మార్చడం దగ్గరే ఆగిపోయాం. దీనికి వెనక చేతిపని పట్ల మన చదువుల్లో ఉన్న చిన్నచూపు కూడా కొంత కారణమేమో. వాయించే చెయ్యి వేరు, చెక్కే చెయ్యి వేరు అని తరతరాలుగా విడగొట్టుకున్న సమాజంలో, పనిముట్టు పట్టుకోగానే కలిగే ఇబ్బందినంతా భయమని పిలవలేం. అందులో మొహమాటం కూడా కలిసే ఉంటుంది. దసరా నాడు ఆయుధ పూజలో ఉలికీ వీణకీ ఒకే కుంకుమ పెడతాం గానీ, మర్నాటి నుంచి రెంటినీ వేర్వేరు గదుల్లో ఉంచుతాం.

రెండో వాదన ఇంకా గట్టిది. అమెరికాలో గ్యారేజీ నిండా పనిముట్లూ, గోడ నిండా గిటార్లూ ఉన్నవాడు ప్రయోగం చేస్తే చెల్లుతుంది. ఇక్కడ ఇంటికి ఒకటే గిటార్, అదీ అమ్మానాన్నల డబ్బుతో కొన్నది, పాడైతే ఇంకోటి రాదు. దీన్ని కాదనలేను. కాకపోతే ఇదే కారణం రెండో వైపు కూడా తూగుతుంది. మంచి రిపేరు మనిషి కావాలంటే నూజివీడు నుంచి విజయవాడ వెళ్లాలి, ఒక్కోసారి హైదరాబాద్ దాకా పోవాలి. గాడి లోతు కోసం అంత దూరం ఎవరూ వెళ్లరు, కాబట్టి ఆ గిటార్ ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది. ఒక్కటే ఉన్నవాడికి పని తెలియాల్సిన అవసరం ఎక్కువ, తప్పు చేసే వీలు తక్కువ. ఈ రెంటినీ ఎలా కలపాలి? మామిడి అంటు కట్టే పాత పద్ధతిలో దీనికి సరిగ్గా సరిపోయే తెలివి ఉంది. మంచి రసం చెట్టు కొమ్మను ముందే కోయరు. కుండీలో పెంచిన టెంక మొక్కను ఆ కొమ్మ పక్కకు తెచ్చి నిలబెట్టి, రెంటికీ ఒక పక్క బెరడు చెక్కి, చెక్కిన చోట్లు ఒకదానికొకటి ఆనించి కట్టేస్తారు. కొమ్మకు తల్లి చెట్టు నుంచే ఆహారం అందుతుంటుంది. కుండీ మొక్క తల కూడా అలాగే ఉంటుంది. అతుక్కుందని రూఢి అయ్యాకే కొమ్మను తల్లి నుంచి వేరు చేస్తారు, కింది మొక్క తల తీసేస్తారు. కత్తి పడుతుంది, కానీ తిరుగులేని కోత చివర్న పడుతుంది. ఒక్క గిటార్ ఉన్నవాడు చేయాల్సిందీ ఇదే. ఉన్న శాడిల్‌ను ఉప్పుకాగితం మీద అరగదీయకుండా, దుకాణంలో దొరికే విడి శాడిల్ ఒకటి కొని దాన్ని అరగదీయాలి. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎంత దిగాలో దానికి రెట్టింపు శాడిల్ కింద తీయాలన్న లెక్క గుర్తుంచుకుని, తక్కువ తక్కువగా తీసి చూసుకోవాలి. కుదిరిందనుకున్నాక కూడా పాతది పారేయకుండా గిటార్ సంచిలో ఉంచుకోవాలి. తిరిగి వెళ్లే దారి కళ్ల ముందు కనబడుతుంటే చెయ్యి దానంతటదే తేలికవుతుంది. ధైర్యం చెప్పేవాళ్లతో అవసరం ఉండదు.

మూడో వాదన సంప్రదాయానిది. వాద్యం ఎలా వచ్చిందో అలా వాయించడమే దానికి మర్యాద, మార్చాక అది ఇంకేదో అవుతుంది అంటారు. దీనికి జవాబు నూజివీడుకు అంత దూరం కాని గుడివాడలో ఉంది. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, తొమ్మిదేళ్ల వయసులో, 1978లో, గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి మాండలిన్ కచేరీ చేశారు. మాండలిన్‌కు నాలుగు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. జంట తీగలతో గమకం పలికించాలంటే వేలు రెండు తీగల్ని ఒకే కొలతలో లాగాలి, ఏమాత్రం తేడా వచ్చినా రెండు శ్రుతులు వినబడతాయి. పైగా ఆ నాదం మీటిన కాసేపటికే ఆరిపోతుంది. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఎంచుకున్నారు, జంటలు తీసేసి అయిదు ఒంటి తీగలతో వాయించారు. పాశ్చాత్య వాద్యం మీద గమకం పలకదన్న అనుమానానికి ఆ అయిదు తీగలు సమాధానమిచ్చాయి. గిటార్ విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్ అయితే తన శక్తి బృందం కోసం 1970ల్లో గిటార్‌కు అదనపు శ్రుతి తీగలు పెట్టించుకుని, ఫ్రెట్ల మధ్య చెక్కను గుల్లగా తొలిపించుకున్నారు, మన వీణ మీద మెట్ల మధ్య తీగను లాగినట్టు లాగడానికి వీలుగా. ‘వాళ్లు మహానుభావులు, వాళ్లకు చెల్లుతుంది’ అని వెంటనే అనేస్తాం. కానీ వాళ్లు చేసినదాంట్లో మనకు పనికొచ్చేది ప్రతిభ కాదు, క్రమం. ముందు వాళ్లకొక ఫిర్యాదు ఉంది. ఏ స్వరం దగ్గర, ఏ కదలిక దగ్గర వాద్యం అడ్డొస్తోందో చెవికి తెలుసు. ఆ తర్వాతే మార్పు వచ్చింది. ఫిర్యాదును ఒక్క వాక్యంలో చెప్పగలిగితే పని మొదలుపెట్టొచ్చు. చెప్పలేకపోతే, ఎవరో వీడియోలో పికప్ మార్చారని మనమూ మార్చేద్దామనుకుంటుంటే, అప్పుడు పుట్టే జంకు మంచిదే. దాని మాట వినాలి.

భయం మాట వినాల్సిన చోట్లు ఇంకా ఉన్నాయి. పాత కాలపు మంచి గిటార్ వారసత్వంగా వస్తే దాని వార్నిష్ గీకి కొత్త రంగు వేయడం తెలివితక్కువ పని. మార్కెట్లో దాని విలువ పడిపోతుంది, అసలు రూపం ఇక దొరకదు. బిగుసుకుపోయిన ట్రస్ రాడ్‌ను బలం పెట్టి తిప్పడం, జిగురుతో అతికిన మెడను ఊడదీయడం నేర్చుకున్నవాళ్లు చేయాల్సినవి. ఆంప్లిఫయర్‌కు తగిలించని మామూలు ఎలక్ట్రిక్ గిటార్ లోపల షాక్ కొట్టేంత కరెంటు ఉండదు, నిశ్చింతగా విప్పొచ్చు. వాల్వులున్న ఆంప్లిఫయర్ అలా కాదు. ప్లగ్ పీకేశాక కూడా దాని కెపాసిటర్లలో ప్రాణం తీయగల వోల్టేజి నిలిచి ఉండొచ్చు. చిత్రమేమిటంటే, గిటార్ వెనక మూత విప్పడానికి వణికే చేతులే ఆంప్లిఫయర్ మూతను ఏ ఆలోచనా లేకుండా విప్పేస్తుంటాయి. అన్నిటికీ సమానంగా భయపడేవాడికి, నిజంగా భయపడాల్సిన చోటు విడిగా కనబడదు. అందుకే ఆ భయం అతన్ని కాపాడదు కూడా.

ఇంతా ఆలోచించాక నాకొకటి స్పష్టమైంది. గిటార్ పట్టుకున్న మొదటి రోజే ప్రతి ఒక్కరూ దాన్ని మార్చడం మొదలుపెడతారు. శ్రుతి చేయడం మార్చడమే కదా. బిరడ తిప్పి తీగ బిగిస్తాం, మెడ మీద పడే లాగుడు మారుతుంది, ఎక్కువ బిగిస్తే తీగ తెగి మొహాన కొట్టొచ్చు కూడా. గాడి లోతు చేసుకోవడం కంటే అదేమీ తక్కువ ప్రమాదం కాదు. అయినా దానికి ఎవరూ జంకరు. ఎందుకంటే గురువు మొదటి పాఠంలోనే చేయించాడు, తప్పయితే వెనక్కి తిప్పుకోవచ్చని చూపించాడు. ఆ తర్వాతి మెట్టు ఎవరూ చూపించలేదు కాబట్టి అక్కడ భయం మొదలైంది. ఆ హద్దు అలవాటు గీసింది, ప్రమాదం గీసింది కాదు. కాబట్టి దాన్ని జరిపే పని కూడా ఒంటరిగా గదిలో కూర్చుని గుండె దిటవు చేసుకునే కుర్రాడి మీద వేయకూడదు. శ్రుతి నేర్పేవాళ్లే ఆ తర్వాతి వారం నట్ దగ్గర సందు చూడటం, ఆ తర్వాత ట్రస్ రాడ్ పావు చుట్టు తిప్పి తిరిగి తేవడం, పనికిరాని గిటార్ ఒకటి దగ్గర పెట్టుకుని దాని మీద గాడి తీయించడం నేర్పితే చాలు. సరళి స్వరాలతో పాటు ఆకురాయి పట్టడం కూడా పాఠంలో భాగమైతే, జంకు గురించి ఇంత వాదించాల్సిన పనే ఉండదు.